స్వయంనిర్మిత సీఎన్‌సీ రూటరు (లోహపు పని)

స్వయంనిర్మిత సీఎన్‌సీ రూటరు అనగా ఇంటిలోనో చిన్న వర్క్‌షాపులోనో, విడిభాగాలు సమకూర్చుకొని స్వంతంగా తయారు చేసుకున్న కంప్యూటరు నియంత్రిత కోత యంత్రం. కంప్యూటరు ఇచ్చే సంఖ్యల ప్రకారం ఎక్స్, వై, జడ్ అనే మూడు దిశలలో కదులుతూ, అతివేగంగా తిరిగే కోత పనిముట్టుతో చెక్కను, ప్లాస్టికును, లోహాన్ని కావలసిన ఆకారంలో చెక్కడం దీని పని. మొదట చెక్క పనికి ఉద్దేశించిన ఈ రకం యంత్రాన్ని అల్యూమినియం, ఇత్తడి వంటి మెత్తని లోహాలకు పనికివచ్చేలా ఎట్లా నిర్మించాలో, ఎక్కడ దాని శక్తి ఆగిపోతుందో ఈ వ్యాసంలో వివరించబడినది. తెలంగాణలో సిద్దిపేట వంటి పట్టణాలలోని వర్క్‌షాపులను, ఐటీఐ, పాలిటెక్నిక్ విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని ఉదాహరణలు ఇవ్వబడినవి.

పేరు

సీఎన్‌సీ అనేది 'కంప్యూటర్ న్యూమరికల్ కంట్రోల్' అన్న మూడు ఆంగ్ల పదాల పొడి అక్షరాలు. తెలుగులో 'సంఖ్యా నియంత్రణ' అనవచ్చును గాని, వాడుకలో సీఎన్‌సీ అన్న మాటే స్థిరపడినది. రూటరు అంటే వడ్రంగులు తలుపులకు గాడులు తీయడానికి వాడే చేతి యంత్రం. ఇంటర్నెట్ సంకేతాలను పంచే రూటరుకు, దీనికి సంబంధం లేదు. లోహపు పని కోసమే పుట్టిన యంత్రాన్ని మిల్లింగు మిషను అంటారు. ఈ రెండింటికీ తేడా బరువులో ఉన్నది. మిల్లింగు మిషను పోత ఇనుముతో, టన్నుల బరువుతో ఉంటుంది. నెమ్మదిగా, బలంగా కోస్తుంది. రూటరు తేలికగా, విశాలంగా ఉంటుంది. అతివేగంగా, పలుచగా కోస్తుంది. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే మిగిలిన విషయమంతా సులభంగా బోధపడుతుంది.

చరిత్ర

సంఖ్యా నియంత్రణకు ఆద్యుడు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రానికి చెందిన జాన్ టి. పార్సన్స్. హెలికాప్టరు రెక్కల వంపులను కచ్చితంగా తయారు చేయవలసి వచ్చినపుడు, ఫ్రాంక్ స్టూలెన్ అనే ఇంజనీరుతో కలిసి, వంపు మీది బిందువులను పంచ్‌కార్డుల యంత్రంతో లెక్కకట్టించి, ఆ అంకెల ప్రకారం పనిముట్టును కదిలించవచ్చునని ఆయన భావించారు. 1949లో అమెరికా వైమానిక దళం ఆయనకు కాంట్రాక్టు ఇచ్చినది. ఆ పనిలో ఎమ్‌ఐటీలోని సర్వోమెకానిజమ్స్ ప్రయోగశాల పాలుపంచుకొని, 1952లో మొదటి యంత్రాన్ని బహిరంగంగా ప్రదర్శించినది. దాని నియంత్రణ పెట్టె యంత్రం కంటె పెద్దదిగా ఉండేది. నేడు అదే పని అరచేతిలో ఇమిడే బోర్డు చేస్తున్నది.

ఈ విద్య ఇళ్ళలోకి రావడానికి మూడు సంగతులు తోడ్పడినవి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 1990లలో అభివృద్ధి చేసిన నియంత్రణ సాఫ్ట్‌వేరు స్వేచ్ఛగా అందరికీ అందినది. అదే తరువాత లినక్స్‌సీఎన్‌సీగా పేరు మార్చుకున్నది. 2005లో ఇటలీలో ఆర్డుయినో అనే చవక బోర్డు పుట్టినది. 2009లో నార్వేకు చెందిన సిమెన్ స్వాలె స్కోగ్స్‌రుడ్ ఆ బోర్డు మీదనే పనిచేసే జీఆర్‌బీఎల్ అనే చిన్న ప్రోగ్రామును వ్రాసి ఉచితంగా ఇచ్చారు. 2011లో ఎడ్వర్డ్ ఫోర్డ్ అనే అమెరికన్ షేపోకో పేరుతో తన రూటరు నమూనాను అందరికీ తెరచి ఇవ్వడంతో, ప్రపంచమంతటా ఔత్సాహికులు అటువంటివి నిర్మించుకోసాగారు.

తెలంగాణలో నేపథ్యం

యంత్ర పరికరాల తయారీ తెలంగాణకు కొత్త కాదు. 1943లో స్థాపించబడిన ప్రాగా టూల్స్, తరువాత వచ్చిన హెచ్‌ఎమ్‌టీ యంత్ర పరికరాల కర్మాగారం హైదరాబాదును ఈ రంగంలో నిలబెట్టినవి. 1968లో ఐక్యరాజ్య సమితి సహాయంతో బాలానగర్‌లో కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ (సీఐటీడీ) నెలకొల్పబడినది. దాని చుట్టూ ఉన్న బాలానగర్ పారిశ్రామిక వాడలో లేతు, మిల్లింగు పనులు చేసే చిన్న షాపులు అనేకం ఉన్నవి. స్వంత యంత్రం కట్టుకొనేవారికి ఇప్పటికీ అవే ఆధారం. బాల్‌స్క్రూ చివరలను బేరింగుకు సరిపడా తిప్పించుకోవాలన్నా, మోటరు పలకను చదును చేయించుకోవాలన్నా అక్కడికే పోతారు. హైదరాబాదుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, రాజీవ్ రహదారి మీద ఉన్న సిద్దిపేటకు 2023 అక్టోబరులో రైలు కూడా వచ్చినది.

ఇంటి వద్ద యంత్రం కట్టడమనే పట్టుదలకు తెలంగాణలో ప్రసిద్ధమైన ఉదాహరణ చింతకింది మల్లేశం నిర్మించిన లక్ష్మీ ఆసు యంత్రం. పోచంపల్లి రకం చీర నేయడానికి ముందు, అర్ధచంద్రాకారంగా అమర్చిన మేకుల చుట్టూ దారాన్ని చేతితో వేల సార్లు త్రిప్పవలసి ఉంటుంది. ఒక్క చీరకు చేయి సుమారు తొమ్మిది వేల సార్లు ఆడాలి. ఆలేరు ప్రాంతానికి చెందిన మల్లేశం తన తల్లి లక్ష్మి భుజం నొప్పిని చూడలేక 1992లో పని మొదలుపెట్టి, 1999లో యంత్రాన్ని పూర్తిచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. 2019లో ఆయన జీవితం మీద 'మల్లేశం' చలనచిత్రం వచ్చినది. ఆసు యంత్రం లోహాన్ని కోయదు, అది రూటరు కాదు. అయితే ఒక పనిముట్టును నిర్ణీత స్థానాలకు, నిర్ణీత క్రమంలో, అలుపు లేకుండా నడిపించడమన్న సమస్య రెండింటిలోనూ ఒక్కటే. పెద్ద చదువు లేని ఒక నేతకారుడు ఏడేండ్లు పట్టినా దానిని సాధించాడన్నది విద్యార్థులు గమనించదగిన విషయం.

ఇటువంటి గ్రామీణ ఆవిష్కర్తలను వెదకి ప్రోత్సహించే పల్లెసృజన సంస్థను బ్రిగేడియర్ పోగుల గణేశం స్థాపించారు. రాష్ట్ర ప్రభుత్వపు ఇన్నోవేషన్ సెల్ 2019లో 'ఇంటింటా ఇన్నోవేటర్' కార్యక్రమం ప్రారంభించి, స్వాతంత్ర్య దినోత్సవం నాడు జిల్లా కేంద్రాలలో ప్రదర్శనకు అవకాశం కల్పించినది. 2023 మార్చి 2న హైదరాబాదులో టీ-వర్క్స్ ప్రారంభమైనది. 78,000 చదరపు అడుగుల ఆ కేంద్రంలో నమూనాలు తయారు చేసుకోవడానికి పెద్ద యంత్రాలు ఉన్నవి. 2024లో 65 ప్రభుత్వ ఐటీఐలను ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మార్చే పథకం మొదలైనది. అయినా ఒక తరగతిలోని పిల్లలందరికీ ఒకే సీఎన్‌సీ యంత్రం ఉంటే ఒక్కొక్కరి చేతికి అది దొరికే సమయం స్వల్పం. తప్పు చేస్తే లక్షల రూపాయల యంత్రం పాడవుతుందన్న భయం వల్ల ముట్టుకోనివ్వని చోట్లు కూడా ఉంటాయి. విద్యార్థులే కట్టుకున్న చిన్న యంత్రానికి గల అసలు విలువ ఇక్కడ ఉన్నది.

చట్రం

లోహపు పనిలో గెలుపోటములు మోటరులో కాదు, చట్రం బిగువులో ఉంటాయి. కోత పనిముట్టు లోహాన్ని నెట్టినపుడు లోహం కూడా అంతే బలంతో పనిముట్టును వెనుకకు నెడుతుంది. ఆ ఒత్తిడికి చట్రం వంగితే కొలత తప్పుతుంది. వంగి వెనుకకు వచ్చి మరల వంగితే కంపనం పుట్టి, కోసిన తలం మీద అలల వంటి గీతలు పడతాయి, పనిముట్టు విరుగుతుంది.

దీనిని ఒక లెక్కతో చూడవచ్చును. రెండు ప్రక్కల స్తంభాల మీద ఉండి స్పిండిలును మోసే అడ్డదూలాన్ని గాంట్రీ అంటారు. 600 మి.మీ. పొడవు గల దూలాన్ని 50 మి.మీ. చదరపు, 3 మి.మీ. మందపు ఉక్కు గొట్టంతో చేసి, నడుమ 200 న్యూటన్ల బలం (సుమారు 20 కిలోల బరువు) మోపితే అది సుమారు 0.022 మి.మీ. వంగుతుంది. అదే మందంతో 75 మి.మీ. చదరపు గొట్టం వాడితే వంపు 0.006 మి.మీ.కు తగ్గుతుంది. గొట్టం వెడల్పు ఒకటిన్నర రెట్లు పెంచితే బిగువు మూడున్నర రెట్లకు మించి పెరిగినదన్న మాట. వంపు పొడవు యొక్క ఘనానికి అనులోమంగా ఉంటుంది కనుక, దూలం పొడవు రెట్టింపు చేస్తే వంపు ఎనిమిది రెట్లవుతుంది. అందుచేత 'పెద్ద బల్ల ఉంటే అన్నింటికీ పనికివస్తుంది' అన్న ఆశను మొదటి యంత్రంలో విడిచిపెట్టడం మంచిది. లోహానికి 400 నుండి 600 మి.మీ. కోత వైశాల్యం చాలును.

అల్యూమినియం బిగువు ఉక్కులో మూడవ వంతు మాత్రమే. మంచి కలప బిగువు సుమారు ఇరవయ్యవ వంతు. కాబట్టి ప్లైవుడ్డు, ఎమ్‌డీఎఫ్ చట్రాలు నేర్చుకోవడానికి సరిపోతాయి గాని లోహానికి నిలువవు. ఉక్కు గొట్టాలు సిద్దిపేటలోని ఏ ఇనుప దుకాణంలోనైనా దొరుకుతాయి, గేట్లు గ్రిల్లులు చేసే వెల్డింగు షాపువారే అతికి ఇవ్వగలరు. చిక్కు ఏమిటంటే, వెల్డింగు వేడికి గొట్టం వంకర పోతుంది. గేటుకు రెండు మి.మీ. వంకర లెక్కలోనిది కాదు. ఇక్కడ అది యంత్రాన్నే పాడుచేస్తుంది. దీనికి రెండు ఉపాయాలు ఉన్నవి: అతకకుండా మందపాటి పలకలు, బోల్టులతో బిగించడం మొదటిది. అతికిన తరువాత రైళ్ళు కూర్చునే తలాలను మిల్లింగు షాపులో చదును చేయించడం రెండవది. పలుచని ఎపాక్సీని తలం మీద పోసి, నీటివలె తనంతట తానే సమతలంగా గట్టిపడనిచ్చే పద్ధతి కూడా వాడుకలో ఉన్నది. ఓపిక గలవారికి అది చవకైన మార్గం.

చట్రం మూలలు సరిగా ఉన్నవో లేవో చూడటానికి ఎనిమిదవ తరగతి రేఖాగణితం చాలును. ఒక అంచు మీద 300, మరొక అంచు మీద 400 మి.మీ. గుర్తులు పెడితే వాటి నడుమ దూరం 500 మి.మీ. రావాలి. రెండు కర్ణాలూ సమానంగా ఉండాలి.

కదలిక

చట్రం మీద పనిముట్టు జారడానికి గట్టిపరచిన ఉక్కు రైళ్ళు, వాటి మీద గోళీల బేరింగు దిమ్మెలు వాడతారు. గుండ్రని కడ్డీలు చవక గాని, కేవలం రెండు చివరల మీద ఆనిన కడ్డీ నడుమ వంగుతుంది. లోహానికి చదరపు రైళ్ళే మేలు.

మోటరు భ్రమణాన్ని సరళరేఖా చలనంగా మార్చడానికి బాల్‌స్క్రూ వాడతారు. మామూలు మరసీలకు, నట్టుకు నడుమ కొంత ఖాళీ ఉంటుంది. దిశ మారినపుడు ఆ ఖాళీ తీరేవరకు మోటరు తిరిగినా పనిముట్టు కదలదు. దీనిని బ్యాక్‌లాష్ అంటారు. తోడే గిలక త్రాడు వదులుగా ఉంటే, త్రాడు బిగిసేవరకు బొక్కెన పైకి రానట్లే ఇది. బాల్‌స్క్రూలో మర, నట్టుల నడుమ గోళీలు దొర్లుతూ ఉండటం వలన ఖాళీ చాలా తక్కువ, రాపిడీ తక్కువ.

స్టెప్పరు మోటరు ఒక్క విద్యుత్ స్పందనకు 1.8 డిగ్రీలు తిరుగుతుంది. చుట్టుకు 200 అడుగులు. డ్రైవరు ప్రతి అడుగును ఎనిమిది భాగాలు చేస్తే చుట్టుకు 1,600 స్పందనలు. స్క్రూ ఒక చుట్టుకు 5 మి.మీ. జరిపేదైతే, 1,600ను 5తో భాగించగా మి.మీ.కు 320 స్పందనలు వచ్చును. సాఫ్ట్‌వేరులో ఈ సంఖ్యనే నమోదు చేయాలి. ఇక్కడ తప్పు జరిగితే 100 మి.మీ. చదరం కోయమన్నపుడు మరొక కొలత వస్తుంది.

స్టెప్పరు మోటరులో ఒక లోపం ఉన్నది. అది గ్రుడ్డిగా ఆజ్ఞ పాటిస్తుంది; బరువు ఎక్కువై ఒక అడుగు తప్పినా ఆ సంగతి కంప్యూటరుకు తెలియదు. అక్కడి నుండి పని అంతా ప్రక్కకు జరిగిపోతుంది. ఎన్‌కోడరు అమర్చిన మోటర్లు తప్పిన అడుగును పసిగట్టగలవు గాని వాటి ధర ఎక్కువ. 57 మి.మీ. ముఖం గల నెమా 23 రకం స్టెప్పరు మోటర్లు ఈ స్థాయి యంత్రానికి సాధారణంగా సరిపోతాయి.

స్పిండిలు, విద్యుత్తు

పనిముట్టును పట్టి త్రిప్పే మోటరు స్పిండిలు. మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టుల సింగిల్ ఫేజు, 50 హెర్ట్జుల విద్యుత్తు. ఆ పౌనఃపున్యం వద్ద రెండు ధ్రువాల మోటరు నిమిషానికి 3,000 చుట్లకు మించి తిరగదు. వీఎఫ్‌డీ అనే పరికరం దీనిని త్రీ ఫేజుగా మార్చి, 400 హెర్ట్జుల వరకు పెంచుతుంది. అప్పుడు అదే రకం మోటరు 24,000 చుట్లు తిరుగుతుంది. త్రీ ఫేజు కనెక్షను లేని ఇంట్లో ఈ యంత్రం నడవడానికి ఇదే కారణం.

అయితే 2.2 కిలోవాట్లు అని వ్రాసి ఉన్న స్పిండిలు ఆ శక్తిని పూర్తి వేగంలోనే ఇస్తుంది. వేగాన్ని 6,000కు తగ్గిస్తే శక్తి కూడా నాల్గవ వంతుకు, అనగా సుమారు అర కిలోవాటుకు పడిపోతుంది. ఉక్కును కోయలేకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇక్కడ దాగి ఉన్నది. దాని వివరం క్రింద చూడవచ్చును.

వీఎఫ్‌డీ నుండి వెలువడే విద్యుత్ అలజడి స్టెప్పరు తీగలలోకి చొరబడితే యంత్రం ఉన్నట్టుండి తప్పుడు దిశలో జరుగుతుంది. స్పిండిలు తీగకు జాలీ కవచం ఉండాలి, దానిని ఎర్త్ చేయాలి. ఎర్తింగు అంటే గోడ సాకెట్టులోని మూడవ రంధ్రం అనుకుంటే చాలదు. ఆ రంధ్రం వెనుక నేలలోకి దిగిన తీగ నిజంగా ఉన్నదో లేదో ఎలక్ట్రీషియనుతో పరీక్షింపజేయాలి. చాలా పాత ఇళ్ళలో అది ఉండదు.

నియంత్రణ

బొమ్మ నుండి వస్తువు వరకు మూడు మెట్లు ఉన్నవి. మొదట క్యాడ్ సాఫ్ట్‌వేరులో ఆకారం గీస్తారు. తరువాత క్యామ్ సాఫ్ట్‌వేరు ఆ ఆకారాన్ని కోయడానికి పనిముట్టు నడవవలసిన దారిని లెక్కిస్తుంది. ఉచితంగా లభించే ఫ్రీక్యాడ్ ఈ రెండు పనులూ చేయగలదు. ఫలితంగా వచ్చే ఆజ్ఞల జాబితాను జీ-కోడ్ అంటారు. ఉదాహరణకు 'జీ1 ఎక్స్50 ఎఫ్900' అంటే కోస్తూ ఎక్స్ దిశలో 50వ మి.మీ. స్థానానికి, నిమిషానికి 900 మి.మీ. వేగంతో పొమ్మని అర్థం. జీ0 అంటే కోయకుండా గబగబా పొమ్మని. ఈ రెండింటినీ తారుమారు చేసిన విద్యార్థికి పనిముట్టు విరిగిన చప్పుడు బాగా గుర్తుంటుంది. చివరి మెట్టులో జీఆర్‌బీఎల్ లేదా లినక్స్‌సీఎన్‌సీ ఈ ఆజ్ఞలను స్పందనలుగా మార్చి మోటర్లకు పంపుతుంది.

ఏ లోహం, ఎంత వేగం

పనిముట్టు అంచు లోహం మీద జారే వేగం, పళ్ళు ఒక్కొక్కటి తీసే రజను మందం – ఈ రెండు కొలతలే కోతను నిర్ణయిస్తాయి. 6 మి.మీ. కార్బైడు పనిముట్టు 18,000 చుట్లు తిరిగితే అంచు వేగం నిమిషానికి సుమారు 339 మీటర్లు. అల్యూమినియానికి ఇది అనుకూలమే. ఒకే పల్లు గల పనిముట్టుతో పల్లుకు 0.05 మి.మీ. రజను తీయాలంటే, 18,000ను 0.05తో గుణించగా నిమిషానికి 900 మి.మీ. వేగంతో నడపాలి.

క్రొత్తవారు భయంతో ఈ వేగాన్ని బాగా తగ్గిస్తారు. అది పొరపాటు. మరీ నెమ్మదిగా నడిపితే పల్లు కోయక రుద్దుతుంది. వేడి పుట్టి అల్యూమినియం మెత్తబడి పళ్ళకు అంటుకుంటుంది, పనిముట్టు మరుక్షణమే విరుగుతుంది. తగ్గించవలసినది లోతును. ఒక్కొక్క విడతకు పావు మి.మీ. నుండి అర మి.మీ. వరకు లోతు తీసుకొని, రజనును గాలితో ఊది వేయడం సరియైన పద్ధతి. టర్నర్లు అల్యూమినియానికి కిరోసిన్ చుక్కలు వేయడం అలవాటు. గాలి ఊదుతూ అతివేగంగా తిరిగే రూటరు వద్ద ఆ అలవాటు నిప్పుకు దారి తీయవచ్చును. ఇత్తడి అల్యూమినియం కంటె మర్యాదగా కోయబడుతుంది, అంటుకోదు. అయితే దాని రజను సూదులవలె ఎగిరిపడుతుంది.

ఉక్కు సంగతి వేరు. మెత్తని ఉక్కుకు కార్బైడు అంచు వేగం నిమిషానికి వంద మీటర్ల ప్రాంతంలో ఉండాలి. 6 మి.మీ. పనిముట్టుకు అది సుమారు 5,300 చుట్లు మాత్రమే. ఆ వేగం వద్ద స్పిండిలుకు శక్తి ఉండదని పైన చూచితిమి. కోత బలం కూడా అల్యూమినియానికి కావలసిన దానికంటె చాలా ఎక్కువ. బరువైన ఉక్కు చట్రం కట్టినవారు పలుచటి కోతలతో ఉక్కును చెక్కిన మాట నిజమే గాని, దానిని నిత్యం చేసే పనిగా భావించరాదు. ఉక్కు పలకలను ఆకారాలుగా కోయడమే అవసరమైతే ఇదే కదలిక ఏర్పాటుకు స్పిండిలు బదులు ప్లాస్మా టార్చి అమర్చుకోవడం తెలివైన పని. టార్చి లోహాన్ని తాకదు కనుక చట్రం మీద ఒత్తిడే ఉండదు.

పరీక్ష

కట్టిన వెంటనే లోహం కోయరాదు. డయల్ గేజిని చట్రానికి బిగించి, దాని ముల్లు స్పిండిలును తాకేట్లు పెట్టి, పనిముట్టును 10 మి.మీ. ముందుకు, తిరిగి 10 మి.మీ. వెనుకకు నడపాలి. గేజి తిరిగి అదే గీత మీదకు రాకపోతే ఆ తేడా బ్యాక్‌లాష్. తరువాత స్పిండిలును చేతితో గట్టిగా నెట్టి ముల్లు ఎంత కదులునో చూడాలి. ఏ కీలు వద్ద ఎక్కువ కదలిక ఉన్నదో ఒక్కొక్కటిగా పట్టుకోవచ్చును. సాధారణంగా అది జడ్ పలక వద్దనో, బిగించని బోల్టు వద్దనో బయటపడుతుంది. చివరగా, గేజిని స్పిండిలుకే తగిలించి బల్ల మీద గుండ్రంగా త్రిప్పితే స్పిండిలు లంబంగా ఉన్నదో లేదో తెలుస్తుంది. వెయ్యి రూపాయల లోపే దొరికే మామూలు గేజి ఈ పనులన్నిటికీ సరిపోవును.

భద్రత

24,000 చుట్లు తిరిగే పనిముట్టు విరిగితే ముక్క తూటావలె వస్తుంది. కళ్ళద్దాలు తప్పనిసరి; యంత్రం చుట్టూ పాలికార్బొనేటు తెర ఉండాలి. చేతి తొడుగులు మాత్రం వేసుకోరాదు, అవి తిరిగే భాగానికి చుట్టుకొని చేతిని లాగివేస్తాయి. చున్నీ, కండువా, వదులు చొక్కా చేతులకూ ఇదే నియమం. అత్యవసర మీట ఎర్రగా, చేతికి అందేట్లు ఉండాలి. అది కంప్యూటరుకు సంకేతం పంపే మీట కాకుండా విద్యుత్తునే తెగగొట్టేది కావాలి. వీఎఫ్‌డీలోని కెపాసిటర్లు ప్లగ్గు తీసిన తరువాత కూడా కొన్ని నిమిషాలు ప్రాణాంతకమైన వోల్టేజిని నిలువ ఉంచుకుంటాయి. దాని మూత వెంటనే విప్పరాదు. అల్యూమినియం రజను, ఇనుప రజను కలిపి ఒకే డబ్బాలో పోసి ఉంచడం కూడా మంచిది కాదు. యంత్రం నడుస్తుండగా గది విడిచి పోరాదు.

ఉపయోగాలు

తెలుగు పట్టణాలలో టింబరు డిపోల వద్ద తలుపుల మీద దేవతామూర్తులను, లతలను చెక్కే సీఎన్‌సీ రూటర్లు ఇప్పుడు సాధారణ దృశ్యం. లోహపు పనికి తగిన చిన్న యంత్రంతో నేమ్‌ప్లేట్లు, ప్లాస్టికు బొమ్మల అచ్చులు, మోటరు పలకలు, మగ్గపు విడిభాగాలు, దొరకని పాత యంత్రాల బదులు భాగాలు చేసుకోవచ్చును. జనగామ జిల్లా పెంబర్తి కళాకారులు ఇత్తడి రేకును వెనుక నుండి సుత్తితో కొట్టి బొమ్మను పైకి ఉబికింపజేస్తారు. రూటరు పై నుండి లోహాన్ని తొలగించగలదే తప్ప రేకును ఉబికించలేదు. కనుక అది వారి పనికి పోటీ కాదు. రేకు క్రింద పెట్టే అచ్చు దిమ్మెను చెక్కడానికి, లేదా ఒకే అంచు నమూనాను పదేపదే గుర్తించడానికి మాత్రం పనికివస్తుంది. చిన్న వర్క్‌షాపు యజమానికి ఇది పెద్ద మిల్లింగు కేంద్రానికి ప్రత్యామ్నాయం కాదు. హైదరాబాదుకు పంపి వారం రోజులు ఎదురుచూడవలసిన ఒక్క అల్యూమినియం ముక్కను ఆ సాయంత్రమే చేసుకోగలగడం దానివలన కలిగే లాభం.